జిగురు అట్టలు దాటి వచ్చిన చెల్లెలు

కూర్చో. అలా ఒక కాలు గుమ్మం బయట పెట్టుకుని కాదు, సరిగ్గా కూర్చో. ఆ ఫ్యాను కాస్త తగ్గించు, నా గొంతు నీకు వినపడాలి. నేను చెప్పింది చెప్పినట్టు టైపు కొట్టు, మధ్యలో నీ తెలివి కలపకు. పశువుల డాక్టరు చదువులో చేరావు, మీ క్లాసు పిల్లలు కూడా చదువుతారన్నావు కాబట్టి వాళ్లకీ ఇదే మాట. పిల్లలూ, కుదురుగా కూర్చుని వినండి. ఇది ఎలుక సంగతి. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి, తర్వాత అంత వీలుండదు.

నేను పంజాగుట్ట వెనక సందులో ఒక చిన్న పెంపుడు జంతువుల ఆసుపత్రిలో నర్సుగా చేశానని నీకు తెలుసు. అక్కడే తల నెరిసింది, అక్కడే రిటైరయ్యాను. పెద్ద ఆసుపత్రేం కాదు, పాత ఇల్లు. ముందు హాల్లో జనం కూర్చునేవారు. తర్వాత డాక్టరుగారి గది. ఆ వెనక రోగుల్ని ఉంచే గది, దాన్ని మేం వార్డు అని గొప్పగా పిలుచుకునేవాళ్లం. నడవా చివర స్టోరు గది. అందులో కుక్కల బిస్కెట్ల బస్తాలు, దాణా, ఫినాయిలు డబ్బాలు ఉండేవి.

మా డాక్టరుగారు తెలంగాణ మనిషి. మొదట్లో ఊళ్లలో పాడి పశువులకి వైద్యం చేశారు. తర్వాత మాసబ్ ట్యాంక్‌లో పశుసంవర్ధక శాఖ ఆఫీసులో కుర్చీ ఇచ్చారట. సంతకాలు పెట్టీ పెట్టీ విసుగొచ్చి, ఉద్యోగం వదిలేసి ఈ ఆసుపత్రి పెట్టుకున్నారు. గొంతు పెద్దది, చెయ్యి మెత్తన. ఇంకొకావిడ మా ఆయమ్మ. బోరబండ నుంచి బస్సులో వచ్చేది. ఊడవడం, తుడవడం, కుక్కలకి స్నానం చేయించడం, వచ్చినవాళ్లని దెప్పడం, అన్నీ ఆవిడే.

ఆయమ్మకి ఇంకో పని కూడా ఉండేది. స్టోరులో బిస్కెట్లు ఉన్నాయి కాబట్టి ఎలుకలు వచ్చేవి. ఎలుకలు వచ్చేవి కాబట్టి సాయంత్రం షట్టరు దించే ముందు గోడ వెంబడి జిగురు అట్టలు పరిచేది. వాటి మీద కాలు పెట్టిన ఎలుక ఇక కదల్లేదు. పొద్దున్నే ఆ అట్టల్ని ఎత్తి పారేయడం ఆవిడ మొదటి పని. ఎలా పారేసేదని అడగకు. నేను ఆ టైములో అటు వెళ్లేదాన్ని కాదు, సిరంజిలు సర్దుకునేదాన్ని. ప్రాణాలు కాపాడే ఇంట్లో రోజు అలా మొదలయ్యేది. అందులో వింత ఉందని మాలో ఎవరికీ తోచలేదు.

ఇలా ఉండగా ఒక రోజు హాలు నిండుగా ఉంది. ఎర్రమంజిల్ క్వార్టర్స్ నుంచి ఒకావిడ బొచ్చు కుక్కని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తలుపు తోసుకుని ఒక మనిషి వచ్చాడు. దూలంలాంటి మనిషి, మెడలో గొలుసు, చేతిలో తువ్వాలు కప్పిన పంజరం.

"మేడమ్, జర జల్దీ చూడుండ్రి. మా అక్కకు ఊపిరాడుతలేదు."

"బాబూ, మనుషుల ఆసుపత్రి మెయిన్ రోడ్డు మీదుంది. ఇది కుక్కలదీ పిల్లులదీ."

అతను తువ్వాలు తీశాడు. లోపల రెండు ఎలుకలు. ఒకటి పాలలా తెల్లగా ఉంది. రెండోదానికి ఒళ్లు తెలుపే గానీ తలా మెడా నల్లగా, టోపీ పెట్టుకున్నట్టు ఉంది.

"గీ తెల్లది అక్క. టోపీది చెల్లె. ఒక్క కాన్పుల పుట్టినయి."

బొచ్చు కుక్క ఆవిడ రెండు కాళ్లూ సోఫా మీదికి ఎత్తేసుకుంది. "అయ్యో రామ! ఎలకల్ని తెచ్చారేంటండీ ఇక్కడికి? చంపించడానికా?"

"బతికించనీకి అమ్మా," అన్నాడు అతను.

ఆ మాట అతను కోపంగా అనలేదు. ఆయమ్మ చీపురు గోడకి ఆనించి నా చెవి దగ్గరికొచ్చింది. "స్టోర్ల ఉన్నయి సాలవా సిస్టరమ్మా? బయటికెళ్లి సుత తెప్పిచ్చుకుంటున్నమా?"

అతనిది అమీర్‌పేటలో జెరాక్సు షాపు. కంప్యూటరు కోర్సులకి వచ్చే పిల్లలకి నోట్సు ప్రింట్లు తీసిచ్చే షాపు. హాస్టల్లో ఉండి చదువుకునే ఒకమ్మాయి ఈ రెండింటినీ బట్టల అలమరలో దాచి పెంచింది. వార్డెను చూసి గోల చేస్తే, వారం రోజులు చూసుకోమని ఇతని దగ్గర వదిలింది. ఆ వారంలోనే వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చింది. మొదట్లో ఫోన్లు చేసేది, తర్వాత అవీ లేవు. "ఇప్పుడామె అచ్చి అడిగినా ఇయ్య మేడమ్," అన్నాడు.

డాక్టరుగారు తెల్లదాన్ని అరచేతిలోకి తీసుకున్నారు. "నేను బర్రెల డాక్టర్ని సిస్టర్. బర్రెకైతే భుజం దాక చెయ్యి పెట్టి చూసేటోన్ని. దీనికి చిటికెన వేలు సుత ఎక్కువైతది," అని నవ్వబోయి ఆగిపోయారు. తెల్లదాని కంటి చుట్టూ ఎర్రగా ఉంది. ముక్కు దగ్గర కూడా. నేను దూదితో అద్దితే దూది ఎర్రబడింది.

"రక్తమా సారు?" అన్నాడు జెరాక్సతను.

మా డాక్టరుగారిలో నాకు నచ్చిన గుణం, తెలియంది తెలిసినట్టు నటించరు. ఒక కాలేజీలో ప్రయోగాల ఎలుకల్ని చూసుకునే తన పాత స్నేహితుడికి అక్కడికక్కడే ఫోను చేసి స్పీకర్లో పెట్టారు.

"అరె, రక్తం కాదు భాయ్," అన్నాడు ఆ స్నేహితుడు. "కంటెనక ఒక గ్రంథి ఉంటది, అండ్ల నుంచి ఎర్రటి నీళ్లొస్తయి. ఒంట్ల బాగున్నప్పుడు ఎలుకనే ఎప్పటికప్పుడు తుడుసుకుంటది, మనకు కనపడది. తుడుసుకునే ఓపిక లేకుంటెనే గట్ల మిగులుతది. వయసెంత?"

"రెండేండ్లు దాటింది సార్," అన్నాడు జెరాక్సతను.

"అయితే ముసలవ్వనే."

చూశావా? అది ఏడుపూ కాదు, రక్తమూ కాదు. మొహం కడుక్కోవడానికి ఓపిక లేకపోవడం. ఈ ముక్క గుర్తు పెట్టుకో, తర్వాత కావాలి.

పరీక్ష చేస్తే ఊపిరితిత్తులు పాడయ్యాయి, వెనక కాళ్లు పట్టు తప్పాయి, చంక కింద గడ్డ. ఆపరేషను తట్టుకునే వయసు కాదు. డాక్టరుగారు ఉన్నదున్నట్టు చెప్పారు. "నయం చెయ్యలేం. ఉన్నన్ని దినాలు సుఖంగ ఉంచగలం." అతను తలూపాడు. ఏం చెయ్యాలో నేను నేర్పాను. మెట్లున్న పంజరం తీసేసి కింద వెడల్పుగా ఉండేది పెట్టు. వెచ్చగా ఉంచు. అన్నం పెరుగుతో మెత్తగా మెదిపి పెట్టు. మందు అందులోనే కలుపు. ఆ లావాటి చేతులు చెంచాని పట్టుకోవడం నేర్చుకుంటుంటే నాకే ముచ్చటేసింది.

మన ఇల్లు అమీర్‌పేటలోనే కదా. సాయంత్రాలు మెట్రో స్తంభాల కింద నడిచి వచ్చేటప్పుడు అతని షాపులో ఆగేదాన్ని. ఒక స్టూలు నాకోసం ఖాళీగా ఉంచేవాడు. కౌంటరు వెనక, లామినేషను మిషను వెచ్చదనం తగిలేచోట పంజరం పెట్టాడు. పాడైన ప్రింట్లని సన్నగా చీల్చి పరుపు వేసేవాడు. అన్నీ జావా నోట్సులే.

"అన్నా, నా నోట్సు ఏమాయె?" అని ఒక కుర్రాడు అడిగితే, "అక్క కింద పరిచిన. ఆగు, నీకు ఇంకోటి కొట్టిస్త," అనేవాడు.

"నాకన్నా ముందు ఎలుక చదువుతున్నదా?"

"నీకంటె నయం తమ్మీ. అవి ఒక్క పేజీ సుత ఇడిసిపెడ్తలేవు."

షాపంతా నవ్వేది. కాగితాల వ్యాపారం చేసేవాడు ఎలుకల్ని పెంచడమేంటని పక్క షాపులవాళ్లు ఏడిపించేవాళ్లు కూడా. అతను పట్టించుకునేవాడు కాదు.

నేను ఆ స్టూలు మీద కూర్చుని చూసింది మాత్రం నవ్వులాట కాదు. తెల్లది లేవలేకపోయేది. టోపీది వచ్చి ముందు కాలు అక్క తల మీద వేసి, కదలకుండా పట్టుకుని కళ్లు నాకేది. నీ చిన్నప్పుడు మీ అమ్మ నిన్ను పట్టుకుని కాటుక పెట్టేది చూడు, అలా. ఒక కన్ను అయ్యాక అటు వైపు వెళ్లి రెండోది. తెల్లదాని మొహం మీద ఎరుపన్నదే ఉండేది కాదు. అన్నం గిన్నె పెడితే టోపీది ముందు ఒక కొరుకు కొరికి, అక్క మూతి దగ్గరికి తెచ్చి పక్కనే కూర్చుని తినేది. అది తింటుంటే ఇదీ తినేది. నేను చూసి "బాగుందే" అనుకున్నానంతే. దాని అర్థం అప్పుడు నాకు ఎక్కలేదు.

వానలు పట్టాక తెల్లదానికి ఆయాసం ఎక్కువైంది. డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీసేది. ఆసుపత్రిలో ఉంచమన్నారు డాక్టరుగారు, పూటపూటకీ మందు ఆవిరి పట్టాలి కాబట్టి. తెల్లదాన్ని వార్డులో చిన్న ఇనప జాలీ పంజరంలో పెట్టాం. ఇక మా ఆసుపత్రిలో ఒక నియమం ఉండేది. జబ్బు చేసిన జంతువు ఒక చోట, మంచిది ఇంకో చోట. కుక్కపిల్లల అంటురోగాలు చూసి చూసి పెట్టుకున్న నియమం, దాన్ని తప్పు పట్టలేను. అది ఎలుకలకి కూడా వర్తిస్తుందా అని మాత్రం ఎవరం ఆలోచించలేదు. అక్క లేకుండా చెల్లె ఒక్కతే షాపులో ఉండలేదన్నాడు జెరాక్సతను. చెల్లెల్ని కూడా ఇక్కడే ఉంచండన్నాడు. వార్డులో వద్దన్నాం. మిగిలింది స్టోరు గది ఒక్కటే.

ఆయమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "సారూ, గిదేం లెక్క? కింద ఎలుకకు జిగురు అట్ట, మీద ఎలుకకు మెత్తటి పరుపు. నేను దేన్ని సంపాలె, దేన్ని సాకాలె? పేరు రాసి పెట్టుండ్రి."

"మూత గట్టిగున్నది, అరమీద పెట్టినం, దిగదు," అన్నారు డాక్టరుగారు. పెట్టె ప్లాస్టిక్‌ది, గాలికి చిల్లులున్నది. ఆయమ్మ గొణుక్కుంటూ వెళ్లింది. సాయంత్రం మామూలుగానే అట్టలు పరిచింది.

విడదీసిన దగ్గర్నుంచీ రెండూ తిండి మానేశాయి. తెల్లది మూతి దగ్గర చెంచా పెడితే మొహం తిప్పేసుకునేది. కళ్ల చుట్టూ ఎరుపు మళ్లీ వచ్చింది. నేను గోరువెచ్చటి నీళ్లలో దూది ముంచి తుడిచేదాన్ని. కాసేపటికి మళ్లీ ఎరుపు. నేను ఎంత మెత్తగా తుడిచినా నా చెయ్యి తగలగానే దాని ఒళ్లు బిగుసుకుపోయేది. కావలసిన చెయ్యి నాది కాదు. స్టోరులో టోపీది పెట్టె మూలని కొరుకుతూ ఉండేది. "పళ్లు అరగదీసుకుంటున్నది, ఎలుకలకు అలవాటే," అన్నారు డాక్టరుగారు. నేనూ అవునన్నాను.

జెరాక్సతను వచ్చి చూశాడు. చాలాసేపు పంజరం ముందు గొంతుక్కూర్చున్నాడు. తర్వాత లేచి, "తింటలేదంటే ఇగ పోతనంటున్నట్టే గద సారు?" అన్నాడు.

డాక్టరుగారు చివరి సూది గురించి చెప్పారు. నొప్పి ఉండదు, నిద్రపోయినట్టు పోతుంది. బలవంతం లేదు. కానీ ఈ ఆయాసంతో ఈడుస్తూ ఉంచడం మంచిది కాదు.

"రేపు పొద్దుగాల షాపు తెరిచేకంటె ముందు వస్త. నేనొచ్చేదాక ఏం చెయ్యకుండ్రి. నా చేతులనే పోవాలె." గుమ్మం దాకా వెళ్లి మళ్లీ వెనక్కి తిరిగాడు. "చెల్లెకు ఎట్ల చెప్పాలె మేడమ్?"



మర్నాడు నేను చెప్పులు విప్పుతుండగానే స్టోరులోంచి కేక వినిపించింది. "సిస్టరమ్మా! చెల్లె లేదు! చెల్లె పోయింది!"

పరుగెత్తాను. అరమీద పెట్టె ఉంది, మూలన నా బొటనవేలు పట్టేంత కన్నం. అన్నాళ్లుగా పళ్లు అరగదీసుకుంటోందని మేమనుకున్నది అదన్నమాట. కింద చూశాను. గోడ వెంబడి ఉండాల్సిన జిగురు అట్టల్లో ఒకటి గది మధ్యదాకా ఈడ్చుకొచ్చి ఉంది. దాని మీద ఎలుక లేదు. గుప్పెడు వెంట్రుకలున్నాయి. తెల్లవీ, నల్లవీ.

ఆయమ్మ గోడకి ఆనుకుని నేల మీద కూలబడింది. "నా చేతులతోనే పరిచిన సిస్టరమ్మా. గా అన్నకు మొకం ఎట్ల సూపియ్యాలె?" ఎప్పుడూ 'ఎలుక' అనేది తప్ప 'చెల్లె' అని ఆవిడ అనగా నేను వినడం అదే మొదలు. అది నాకు ఆ గాభరాలో కూడా తట్టింది.

డాక్టరుగారు వచ్చారు. ఇస్త్రీ ప్యాంటుతోనే మోకాళ్ల మీద కూర్చుని బస్తాల వెనక టార్చి వేసి వెతికారు. ఒక బస్తా మూతి విప్పి ఉంది, బిస్కెట్లు బయటికి కనబడుతున్నాయి. కిటికీ కింది అద్దం ఎప్పుడో పగిలింది, దాని పక్కనే నీళ్ల పైపు. ఆ పైపు పట్టుకుంటే ఎలుకకి పంజాగుట్ట మొత్తం తెరిచినట్టే. "ఎళ్లిపోయింది సిస్టర్," అన్నారు. "బైట ఒక్క పూట బతకది. అన్న వచ్చే టైమైతున్నది."

ఒకదానికి సూది వేయించడానికి వస్తున్నాడు. రెండోది లేదని చెప్పాలి. ఇద్దరినీ ఒక్క పొద్దున్నే. అతనికి ఆ మాట ఎవరు చెప్పాలా అని ముగ్గురం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. అతను వచ్చేలోపు తెల్లదాని మొహమన్నా తుడిచి శుభ్రంగా ఉంచుదామని, గిన్నెలో వెచ్చటి నీళ్లూ దూదీ పట్టుకుని వార్డులోకి వెళ్లాను.

వెళ్లాను, గుమ్మంలోనే ఆగిపోయాను. ఇదిగో, ఇది సరిగ్గా కొట్టు.

జాలీ పంజరానికి బయట, జాలీకి అతుక్కుని పడుకుని ఉంది టోపీది. ఒక పక్క మెడ మీదా డొక్క మీదా వెంట్రుకలు ఊడి ఎర్రటి తోలు కనబడుతోంది. వెనక కాలికి జిగురు, ఆ జిగురుకి దుమ్మూ దారాలూ. జాలీ లోపల తెల్లది సరిగ్గా దాని పక్కనే పడుకుని ఉంది, మధ్యలో అడ్డం ఆ సన్నటి ఇనప తీగ ఒక్కటే. తెల్లదాని మీద మెడదాకా దూది కప్పి ఉంది. పక్కనున్న కట్లు కట్టే బల్ల మీద దూది చుట్ట సగం విప్పుకుపోయి నేల దాకా వేలాడుతోంది. ఆ దూది పోగులు జాలీ కన్నాల్లోంచి లోపలికి తోసి ఉన్నాయి. ఒక బిస్కెట్ ముక్క జాలీకి అటు సగం, ఇటు సగం కొరికి ఉంది. తెల్లదాని మీసాలకి బిస్కెట్ పొడి.

అన్నిటికన్నా, దాని మొహం. జాలీ వైపు ఉన్న కంటి చుట్టూ ఎరుపు లేదు. కడిగిన ముత్యంలా ఉంది. రెండో కన్ను, అటు వైపుది, ఎర్రగా అలాగే ఉంది. అందలేదు పాపం. అందిన కన్నుని కడిగింది.

నా చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. మెల్లిగా తల తిప్పితే ఎదురు పంజరంలో రెండు పచ్చటి కళ్లు. ముందురోజు ఆపరేషను చేసిన గండుపిల్లి. నోరు తెరుచుకుని, జాలీకి మొహం ఆనించి, రెప్ప వేయకుండా టోపీదాన్నే చూస్తోంది. ఎంతసేపటి నుంచి చూస్తోందో. ఆ చూపు ముందే, వీపు పిల్లికి పెట్టి, ఇది అక్క మొహం కడిగింది.

నేను పిలవలేదు. ఎలా తెలిసిందో డాక్టరుగారు నా వెనకే వచ్చి నిలబడ్డారు. ఆయమ్మ ఆయన భుజం పక్క నుంచి తొంగి చూసింది. చాలాసేపు ముగ్గురం ఆ గుమ్మం దాటలేదు. గుళ్లో తెర తీసినప్పుడు జనం ఒక్కసారిగా మాటలు మానేస్తారు చూడు, అలా అయింది మా పని.

"బస్తా తెరిచున్నది," అన్నారు డాక్టరుగారు చివరికి, తనలో తనే లెక్క చూసుకుంటున్నట్టు. "కిటికీ పగిలున్నది. గీడ పిల్లున్నది." చెప్పులు గుమ్మం బయట విప్పి లోపలికి వెళ్లారు. ఆయన వార్డులోకి చెప్పుల్లేకుండా వెళ్లడం నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

పంజరం తలుపు తీశారు. టోపీది కుంటుకుంటూ లోపలికి వెళ్లింది. మమ్మల్ని చూడనైనా చూడలేదు. నేరుగా అక్క మీదుగా అటు వైపుకి ఎక్కి, మిగిలిపోయిన రెండో కన్ను కడగడం మొదలుపెట్టింది.

అప్పుడే జెరాక్సతను వచ్చాడు. అక్కని చుట్టి తీసుకెళ్లడానికి కొత్త తువ్వాలు తెచ్చుకున్నాడు. ఏం జరిగిందో ఎవరం సరిగ్గా చెప్పలేకపోయాం. డాక్టరుగారు అట్ట చూపించారు, కన్నం చూపించారు, దూది చూపించారు. అతను ఒక్కొక్కటే చూశాడు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

కాసేపయ్యాక, "సూది ఇయ్యాల వద్దు," అన్నారు డాక్టరుగారు.

"వద్దు సారు. ఇద్దర్ని తోలుకపోత."

టోపీదాని ఒంటికి జిగురు వదిలించాలి కదా. నూనె రాస్తే వదులుతుంది. నేను నూనె కోసం వెతుకుతుంటే ఆయమ్మ తన సంచిలోంచి కొబ్బరినూనె సీసా తీసింది. ఎలుక అంటే చీపురు కర్రతో తప్ప ముట్టని మనిషి, కింద కూర్చుని ఒళ్లో గుడ్డ వేసుకుని, "ఇట్ల తే," అంది. "కరిస్తే కరవనీ. నేను చేసిందానికి ఒక్కసారి కరిచినా తక్కువనే." అది కరవలేదు. ఆవిడ బొటనవేలు వాసన చూసి, నూనె కాస్త నాకింది. ఆయమ్మ ఏడుస్తూ నవ్వింది.

తర్వాత డాక్టరుగారు నాతో అన్నారు, "సిస్టర్, గూడు కట్టుకునే అలవాటు ఎలుకకు పుట్టుకతో వస్తది. దూది కనపడితే ఈడ్సుడు సహజం. మనం ఎక్కువ ఊహించుకుంటున్నమేమో." సరే అన్నాను. ఆయన చదువుకున్నవారు. గూడే అయితే స్టోరులో గోనెసంచులు బోలెడున్నాయి కదా అని అడగలేదు. ఆయన కూడా ఆ ప్రశ్న తనని తనే అడుక్కున్నట్టున్నారు. ఆ వారంలోనే ఆ నియమం మార్చారు. కలిసి పెరిగిన జంటని అంటురోగమైతే తప్ప విడదీయొద్దని అందరికీ చెప్పేవారు. నీకూ చెబుతున్నాను. మీ పుస్తకంలో ఉందో లేదో నాకు తెలీదు, అయినా గుర్తు పెట్టుకో.

తెల్లది ఇంకొన్నాళ్లు బతికింది. నయమై కాదు. ఆయాసం అలాగే ఉంది, కాళ్లు అలాగే ఉన్నాయి. కానీ తినేది. నేను సాయంత్రం వెళ్లేసరికి కాగితాల కుప్పలో రెండు తలలు కనబడేవి, ఒకటి టోపీతో, ఒకటి లేకుండా. కళ్లు శుభ్రంగా ఉండేవి. తర్వాత ఒక మధ్యాహ్నం ఫోను వచ్చింది. "మేడమ్, ఇగ తట్టుకుంటలేదు." డాక్టరుగారు తనే బ్యాగు పట్టుకుని బయల్దేరారు, నేనూ వెళ్లాను. షాపు షట్టరు సగం దించి ఉంది. బయట ప్రింట్ల కోసం వచ్చిన పిల్లలు గొడవ చేయకుండా నిలబడ్డారు. మిషన్లన్నీ ఆపేశాడు. ఆ షాపు అంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకు తెలీదు.

అతను అడిగినట్టే అతని చేతుల్లోనే జరిగింది. టోపీది అతని ముంజేతి మీద కూర్చుని ఉంది. తెల్లది నోరు తెరిచి ఒక్క ఊపిరి లాగింది, తర్వాత డొక్క నెమ్మదించింది. ఎన్నాళ్ల తర్వాతో ఎగరేయకుండా ఒక్క ఊపిరి, ఆ తర్వాత అదీ లేదు. చెల్లెలికి చూపించకుండా తీసుకెళ్లొద్దని డాక్టరుగారి స్నేహితుడు ముందే చెప్పాడు. అందుకని పంజరంలో కాగితాల మీద పడుకోబెట్టాం.

టోపీది వచ్చింది. మూతి వాసన చూసింది. ముందు కాలు తల మీద వేసి ఒక కన్ను కడిగింది, అటు తిరిగి రెండోది కడిగింది. కాసేపు ఆగింది. తర్వాత కాగితం ముక్కలు నోటితో తెచ్చి మీద వేయడం మొదలుపెట్టింది. ఒక్కొక్కటే. తోక దగ్గర్నుంచి మెడదాకా. మొహం మీద కూడా వేసింది, అది ఎప్పుడూ చేయలేదు. ఆసుపత్రిలో దూది కప్పినప్పుడు మెడదాకానే కప్పింది. ఇప్పుడు మొహం కూడా కప్పింది. దానికెవరు చెప్పారు?

పిల్లలూ, నేను చాలా చావులు చూశాను. మనుషుల దగ్గర కూడా చూశాను. ఆ షాపులో నా రెండు చేతులూ వాటంతటవే జోడించుకుపోయాయి. పక్కకి చూస్తే డాక్టరుగారివీ అంతే.

మా స్టోరు సంగతా? ఆయమ్మ జిగురు అట్టలన్నీ చెత్తబండిలో వేసేసి, "నేను పరవ, కావాలంటే నన్ను తీసేయుండ్రి," అంది. డాక్టరుగారు మూతలున్న రేకు డ్రమ్ములు తెప్పించి బిస్కెట్లన్నీ వాటిలో పోయించారు. కిటికీకి కొత్త అద్దం వేయించారు. ఎలుకలు రావడం మానేశాయి. అంతే! అన్ని సంవత్సరాలు మాకు తోచింది జిగురు, తోచనిది మూత. డ్రమ్ము మూత వేసినప్పుడల్లా డాక్టరుగారు నావైపు చూసి తల కొట్టుకునేవారు.

ఇక టోపీది. అక్క పోయాక అది మళ్లీ తిండి మానేసింది. పెరుగన్నం పెట్టినా అంతే, బిస్కెట్ పెట్టినా అంతే. మొహం మీద ఎరుపు మొదలైంది, ఈసారి దానికి. జెరాక్సతను భయపడిపోయి రోజూ ఫోను చేసేవాడు. నేను చెప్పిన చిట్కాలేవీ పని చేయలేదు. మళ్లీ తినడం మాత్రం మొదలుపెట్టింది. ఎప్పుడంటే, ఒక మధ్యాహ్నం నేను వెళ్లేసరికి షాపులో కౌంటరు వెనక అతను కింద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పంజరం తలుపు తీసుంది. తన టిఫిను డబ్బా విప్పి దాని పక్కనే పెట్టుకున్నాడు. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టి ఆగమన్నాడు. నేను అక్కడే నిలబడి చూస్తున్నాను, అతను ముద్ద కలిపి...

ఏంటమ్మా? ఎవరు పిలుస్తున్నారు, మీ అమ్మేనా?

"అత్తయ్యగారూ! అన్నాలు వడ్డించి ఎంతసేపైందండీ! మామయ్యగారు కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టట్లేదు. మీరొచ్చి పక్కన కూర్చుంటే గానీ తిననంటున్నారు!"

వస్తున్నా, వస్తున్నానని చెప్పు మీ తాతయ్యకి. ఆ చెయ్యి ఇటివ్వు, మోకాళ్లు పట్టేశాయి. ఎక్కడున్నాం? ఆ, అతను ముద్ద కలిపి, ముందు తను ఒక కొరుకు తిని, మిగిలింది వేళ్ల చివర పట్టుకుని మెల్లిగా దాని మూతి దగ్గరికి తెచ్చి...